తెలియజేస్తామన్నారు

ఆ హోటల్లో అందరూ ఆమెను దుప్పట్లక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా కింది అంతస్తులో, ఆవిరి కమ్మిన గదిలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. నలభై ఆరేళ్లకే మోకాళ్లు మొరాయించాయి. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే.

పైన టెలిఫోన్ బల్ల దగ్గర ఉద్యోగం ఖాళీ అయిందని వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కూర్చుని చేసే పని! కాకపోతే ఇంగ్లిష్‌లో మర్యాదగా మాట్లాడాలి. బడిలో పాఠాలు చెప్పే చెల్లెలు ఒక పాత పుస్తకం తెచ్చిచ్చింది. నిండా మర్యాద మాటలు, వాటి అర్థాలు, వాడే తీరు. మూడు వారాలు ఇస్త్రీ పెట్టె జరుపుతూనే వల్లెవేసింది.

"కాలు తొక్కేముందు ఎక్స్‌క్యూజ్ మీ, తొక్కాక సారీ. అంతే కదే?"

చెల్లెలు పడీపడీ నవ్వింది. "అరటిపండు ఒలిచినట్టు చెప్పావక్కా!"

ఇంటర్వ్యూ రోజున మేనేజరు కుర్చీ చూపించాడు. పద్దెనిమిదేళ్లలో ఆ హోటల్లో ఆమెను కూర్చోమన్నది అతనొక్కడే. లేచి, "డూ యూ మైండ్ ఇఫ్ ఐ క్లోజ్ ద డోర్?" అని అడిగాడు. తలుపు వేస్తే మీకేమైనా అభ్యంతరమా అని. పెద్దవాళ్లు అడిగితే అవుననడమే మర్యాద అనుకుని, "యెస్ సర్!" అంది గట్టిగా. అంటే అభ్యంతరమేనని. అతను నవ్వాపుకుంటూ మళ్లీ కూర్చున్నాడు. తెరిచిన తలుపులోంచి వచ్చేపోయేవాళ్లంతా తొంగిచూస్తుంటే, నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, అడిగినవాటన్నిటికీ యెస్ సర్ అనేసింది.

చివరికి అతను, "వి విల్ లెట్ యూ నో," అన్నాడు.

అది ఆమెకు వచ్చు. మీకు తెలియజేస్తాం! ఇంటికెళ్లి గుమ్మంలోంచే అరిచింది. "తెలియజేస్తామన్నారే! నవ్వుతూ అన్నారు!"

"మంచిదక్కా," అంది చెల్లెలు, పిల్లల నోటుపుస్తకాల మీంచి తలెత్తకుండా.

కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. పదమూడో రోజున ఎవరో కొత్తమ్మాయి వచ్చి టెలిఫోన్ బల్ల దగ్గర కూర్చుంది. దుప్పట్లక్క మెట్ల దగ్గర మేనేజరును ఆపింది.

"సార్, తెలియజేస్తామన్నారు..."

"ఆ రోజే చెప్పాను కదమ్మా," అన్నాడతను మెల్లగా. "అలా అన్నామంటే కాదనే. ముఖం మీద కాదనడం బాగుండదు కదా."

ఆ సాయంత్రం చెల్లెల్ని అడిగింది. "దాని అర్థం నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నీ సంతోషం చూసి నోరు రాలేదక్కా."

"పోనీలే," అంది. లేచి ఇద్దరికీ అన్నం వడ్డించింది.

మర్నాడు ఇస్త్రీ గది సూపర్‌వైజరును, కనీసం ఒక స్టూలైనా ఇప్పించమని అడిగింది.

"చూద్దాంలే," అన్నాడాయన.

ఈ మాటకు పుస్తకం అక్కర్లేదు. దుప్పట్లక్క మళ్లీ అడగలేదు. బరువంతా కుడికాలి మీద వేసి, తడి దుప్పటి బల్ల మీద పరిచింది.