పక్కన పెట్టిన పెట్టె

నీళ్ళ శుద్ధి కేంద్రంలో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అందరూ ‘వైర్ల బావ’ అని పిలిచేవారు. ఏ గోడ వెనక ఏ కేబులు పోతోందో అతనికి కంఠతా వచ్చు. అక్కడి నీళ్ళే ఊరంతా తాగుతుంది. అతని తొమ్మిది నెలల కూతురూ తాగుతుంది.

అతని పద్ధతులు అతనివి. పాత కంప్యూటర్ని పక్కన పెట్టినప్పుడు దాని నెట్‌వర్క్ నంబరునే కొత్తదానికి ఇచ్చేవాడు. “కొత్త నంబరంటే పదిచోట్ల మార్చాలి, ఎవడు చస్తాడు?” అనేవాడు. పాతదాన్లోని ప్రోగ్రాములు తుడిచెయ్యడం మాత్రం ఎప్పుడూ రేపటి పని.

ఆ గురువారం ఉదయం, మూడు రోజుల సెలవు తర్వాత వచ్చిన క్లోరిన్ గది ఆపరేటరు ఫోన్ చేశాడు.

“బావా, నా కంప్యూటరు పెట్టెకి నెట్‌వర్క్ అందట్లేదు.”

“మూడ్రోజులు నువ్వు కనబడకపోయేసరికి అలిగుంటుందిలే.”

బావ వెళ్ళి కేబులు మార్చాడు. ఆపి మళ్ళీ వేశాడు. లాభం లేకపోయింది. చివరికి కేబులు పీకేసి, తన ల్యాప్‌టాప్ నుంచి దాని నెట్‌వర్క్ నంబరును పలకరించాడు. జవాబు రాకూడదు. వచ్చింది. మళ్ళీ పలకరించాడు. మళ్ళీ వచ్చింది.

“వైరు నీ చేతిలోనే ఉందిగా, మరి పలికేదెవరు బావా?” అన్నాడు ఆపరేటరు.

బావ సరాసరి స్టోరు గదికి నడిచాడు. పోయిన నెల తను అక్కడ పడేసిన క్లోరిన్ గది పాత కంప్యూటరు ముందు కూర్చుని, స్టోరు గుమాస్తా అక్క ఉత్తరం టైపు చేస్తోంది.

“ఇదెప్పుడు ఆన్ చేశావక్కా?”

“సోమవారం. నాది చెడిపోయిందని నీకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మూలనున్న దీని దుమ్ము దులిపి బల్ల మీద పెట్టుకున్నా. ఏం, కొంప మునిగిందా?”

బావ మౌసు లాక్కున్నాడు. పాత ప్రోగ్రాం అదే నంబరు మీద దానంతటదే నడుస్తోంది. మీటరు తగిలించి లేకపోయినా, ఎప్పుడో చివర చూసిన క్లోరిన్ అంకెనే నిమిషానికోసారి కంట్రోల్ రూముకి పంపుతోంది. 0.5. అంతా క్షేమం. మూడు రోజులుగా వాళ్ళు ఆ అంకె చూసుకునే, క్లోరిన్ గదికి మనిషిని కూడా పంపకుండా నిశ్చింతగా ఉన్నారు.

అతను పరుగున క్లోరిన్ గదికి తిరిగొచ్చాడు. పెట్టె గొడవలో పడి, గది మూలనున్న అసలు మీటరు వైపు ఇద్దరూ కన్నెత్తి చూడలేదు. సున్నా. నీళ్ళలోకి క్లోరిన్ మందు పోసే గొట్టం ఎప్పుడు పూడిపోయిందో, బొట్టు పడటం లేదు.

“మెయిన్ వాల్వు కట్టేయమను!” అని ఆపరేటరు మీద అరిచి, ఇంటికి ఫోన్ కలిపాడు.

“పాపకి నీళ్ళు కాచే పడుతున్నావా?”

“కాచడమెందుకు? మన కుళాయి నీళ్ళంత మంచివి ఎక్కడా లేవని ఊదరగొట్టింది మీరేగా.” అంది భార్య. అంతలోనే గొంతు తగ్గించింది. “రాత్రి నుంచీ ఒకటే విరేచనాలండీ. పళ్ళొస్తున్నాయనుకున్నా. ఇప్పుడేమో ఎంత లేపినా కళ్ళు తెరవట్లేదు.”

“ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తు. నేనూ వస్తున్నా.”

“ఏమైందండీ? చెప్పండీ!”

బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. గుమాస్తా అక్క స్టోరు గది గుమ్మం దగ్గర నిలబడి, ఆ కంప్యూటరు ఆపేయమంటావా అని అడుగుతోంది.