కాకి తెచ్చిన బొత్తాం

గార్డెన్ రీచ్‌లో ఓ పెద్ద కంపెనీలోకి లంచం చొరబడకుండా చూడడమే జోగారావుగారి ఉద్యోగం. సప్లయర్లు ఇస్తే మంచినీళ్లయినా ముట్టరు. దుర్గాపూజకి వాళ్లు పంపిన సందేశ్ మిఠాయిల్ని గేటు దగ్గర నిలబడి తన చేత్తోనే కాకులకు వేసేస్తారు. ఆ తర్వాత వేళ్లు వాసన చూసుకోకుండా సబ్బుతో కడుక్కుంటారు. నిన్న ఒక కాకి, మెటియాబ్రుజ్ దర్జీల వీధిలో ఏరుకొచ్చిందో ఏమో, మెరిసే బొత్తాం ఒకటి ఆయన బూటు ముందు పెట్టింది. ఆయన దాన్ని రుమాలుతో ఎత్తి, తిరిగి కాకి ముందే పెట్టి, "వద్దు దాదా, పుచ్చుకోకూడదు" అన్నారు.

"ఏటి బాబూ, కాకి కూడా కంట్రాక్టరేనా?" అన్నాడు వాచ్‌మన్ సూరన్న.

"మనవల్ల లాభపడ్డవాళ్లు ఏమిచ్చినా లంచమే!"

కాకి తల వంచి కాసేపు ఆలోచించి, ఎగిరిపోయింది. ఇవాళ రెండు బొత్తాలు తెచ్చింది.