ఎండలో పెట్టిన పాటలు

ఈ రోజు మధ్యాహ్నం కరెంటు ప్రాజెక్టులో డ్యూటీ దిగి మాచ్‌ఖండ్ కాలనీలోని మా క్వార్టర్‌కి వచ్చేసరికి నా గుండె ఆగినంత పనయింది. ఇన్నాళ్ళ ముసురు తర్వాత ఇవాళే ఎండ కాసింది. అందరి వాకిళ్ళలోనూ పరుపులు, దుప్పట్లు, కందిపప్పు ఆరబోసి ఉన్నాయి. మా వాకిట్లో వాటి పక్కనే నా గ్రామఫోను రికార్డులు కూడా ఉన్నాయి! ఈ ఏడాదంతా విజయనగరం వెళ్ళినప్పుడల్లా ఏరికోరి కొనుక్కున్న సినిమా పాటలు. అన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి.

"కొంప ముంచీసేవు కదే అమ్మా!" అని అరిచాను.

"నానేటి సేసేన్రా? బూజట్టీసేయని తుడిసి ఎండలో ఎట్టేను. పప్పుకి మంచిదైన ఎండ పాటలకి సెడ్డదా?" అంది అమ్మ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు చేత్తో పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. అది ఏ పాటని అమ్మ అడిగితే చెప్పాను.

ఏడాది పొడుగునా "ఆ గోల ఆపరా" అని కసిరిన మనిషి, పప్పు చెరుగుతూ ఆ పాట అందుకుంది. పల్లవి, చరణాలు, మధ్యలో వీణ కూడా నోటితోనే పలికించింది. రికార్డు మీద గీత పడి ఒక మాట రెండుసార్లు వినబడే చోట, అమ్మ కూడా ఆ మాట రెండుసార్లు పాడింది!

ఆ షాకు నుంచి నేనింకా తేరుకోలేదు. పాటలంటే విసుక్కునేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటే, ఓసారి పాడించి చూడండి.