బావగారి జనరేటర్

మా గోదావరి జిల్లాల్లో కోపం వస్తే గౌరవం పెరుగుతుంది. మా అక్కతో పెళ్లయిన నాటి నుంచి నన్ను "ఏరా" అని తప్ప పిలవని మా బావ ఒకరోజు ఉన్నట్టుండి "ఏమండీ మెకానిక్ గారూ" అన్నాడు. నాకు మాత్రం నోరు లేదా? "చెప్పండి బావగారూ" అన్నాను. ఆ తర్వాత దాదాపు ఏడాది మేం మాట్లాడుకోలేదు.

కారణం చెబితే నవ్వుతారు. భీమవరం అవతల మా అక్కా బావలకి ఒక రొయ్యల చెరువుంది. గట్టు మీద రేకుల షెడ్డులో పెద్ద డీజిల్ జనరేటర్ ఉంటుంది. దాని మంచీ చెడ్డా మొదటి నుంచీ చూసేది నేనే. ఒకసారి నేను రావులపాలెంలో లారీ ఇంజను విప్పుకుని కూర్చుని, రెండు రోజులు ఆగమన్నాను. బావ ఆగలేదు. ఎవరినో తెచ్చి ఇంజను వెనక భాగం విప్పించి బిగించేశాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "పని శుభ్రంగా చేసి వెళ్లాడండీ, మావాడిలా సతాయించలేదు" అని పదిమందిలో అన్నాడట. అసలే నాకు ముక్కు మీద కోపం. ఆ మాట చెవిన పడగానే ఒళ్లు మండి బావతో గొడవ పడ్డాను. ఆ గొడవలో పుట్టినవే ఆ గారూ అండీలు.

ఆ శుభ్రమైన పని ఏడాది కూడా నిలవలేదు. ఇంజను వెనక నుంచి ఆయిల్ కారడం మొదలైంది. ఫోన్ చేసింది అక్క. "నువ్వు రాకపోతే ఇంకెవర్నీ గట్టెక్కనివ్వనురా" అంది. బావ మొహం చూసి రావడం లేదని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లాను.

డీజిల్ ఇంజను వెనక ఫ్లైవీల్ అని ఒక బరువైన ఇనుప చక్రం తిరుగుతుంది. దాని చుట్టూ ఉండే పోత ఇనుప గుల్లే ఫ్లైవీల్ హౌసింగ్. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వచ్చి ఆ హౌసింగ్‌కే బిగుస్తుంది. కాబట్టి హౌసింగ్ వెంట్రుకవాసి పక్కకి జరిగినా, ఒక మూల ఎత్తుగా కూర్చున్నా, వెనకాల తిరిగేదంతా వంకరగా తిరుగుతుంది. ముందు ఆయిల్ కారకుండా ఆపే సీలు పోతుంది, తర్వాత బేరింగులు పోతాయి, ఆ తర్వాత పోయేది చెప్పడానికి నా నోరు రాదు.

మొదటి రోజు విప్పాం. చెరువు మనుషులు ఇద్దరు సాయం పట్టారు. ఆల్టర్నేటర్ వెనక్కి లాగి, బరువులెత్తే చైన్ బ్లాకు కట్టి ఫ్లైవీల్ దించి, హౌసింగ్ ఊడదీశాం. దాన్ని సరైన చోట కూర్చోబెట్టే పిన్ను ఒకటి వంకరపోయి ఉంది. కొలిచి కూర్చోబెట్టాల్సిన దాన్ని పెద్దమనిషి సుత్తితో కొట్టి కూర్చోబెట్టాడన్నమాట. పిన్ను తీసి అక్క చేతిలో పెట్టి, "బావగారికి చూపించక్కా, శుభ్రమైన పని" అన్నాను. బావ వినపడనట్టు చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం దాకా అతుకులో వేసే గాస్కెట్ అట్ట పాతది గీకి, డీజిల్‌తో కడిగి, ఒకదానికొకటి ఆనే ఇంజను మొహమూ హౌసింగ్ మొహమూ నున్నగా రుద్ది, కొత్త పిన్నూ కొత్త సీలూ వేసి, మిగతాది పొద్దున్న చూద్దామని లేచాను.

తెల్లారేసరికి ముసురు పట్టింది. అంతలో లైన్‌మన్ ఫోన్: లైను మీద పనుంది, మధ్యాహ్నం కరెంటు తీసేస్తాం, మళ్లీ ఎప్పుడిస్తామో చెప్పలేం అని.

రొయ్యల చెరువు లేని వాళ్లకి ఈ మాట మామూలుగానే ఉంటుంది. ఎండ లేని రోజున నీళ్లలో ప్రాణవాయువు పుట్టదు. ఏరేటర్లు తిరిగి నీళ్లు చిలికితేనే రొయ్యకి ఊపిరి. ఆ చెరువులో రొయ్య ఇంకో నాలుగు రోజుల్లో పట్టుబడికి వచ్చేలా ఉంది. పోయిన పంట తెల్లమచ్చ తెగులుకి తుడిచిపెట్టుకుపోయింది. ఇదీ పోతే చెరువు వదిలేసుకోవాల్సిందే. పక్క చెరువుల జనరేటర్లు అడుగుదామంటే అందరిదీ ఒకటే లైను, ఎవరిది వాళ్లకే కావాలి. బావ ఫోన్ మీద ఫోన్ చేశాడు, అద్దెకి కూడా ఒక్కటి దొరకలేదు. చివరికి ఫోన్ జేబులో పడేసి షెడ్డులోకి వచ్చాడు.

హౌసింగ్‌ని చైన్ బ్లాకుకి వేలాడదీసి, ఇంజనుకి జానెడు దూరంలో నిలిపాం. బావ పొడిగుడ్డతో ఇంజను మొహం తుడిచాడు. "నాలుగు ఇడ్లీలు తిని బిగించండి, మళ్లీ ఎప్పుడు తింటారో" అని అక్క పిలిస్తే గట్టు చివర వేపచెట్టు కింద ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం. మేం తింటుంటే అక్క పూజ పళ్లెం పట్టుకుని షెడ్డులోకి వెళ్లొచ్చింది. అది తనకి అలవాటే. స్కూటరుకి టైరు మార్చినా పసుపు రాసి దణ్ణం పెడుతుంది.

రెండో ఇడ్లీ చేతిలో ఉండగానే ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మధ్యాహ్నం అన్న కరెంటు పొద్దున్నే తీసేశారు. అప్పటిదాకా ఉన్న హోరంతా పోయి, ముసురు నీళ్ల మీద పడే చప్పుడు వినపడింది. చెయ్యి కడుక్కోకుండానే ఇద్దరం పరిగెత్తాం.

హౌసింగ్ నెట్టాం, బోల్టులు బిగించాం. ఇంజను ఇరుసుని మేం క్రాంకు అంటాం, దాని చివర వెంట్రుకవాసి తేడా కూడా చూపే డయల్ గేజ్ తగిలించాను. క్రాంకుని తిప్పుతుంటే గేజ్ మొన హౌసింగ్ చుట్టూ తడుముతూ వెళుతుంది. దాని సూది పావు చుట్టు దాటకూడదు, దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టు. కడ్డీ పెట్టి క్రాంకు తిప్పాల్సింది ఇంజను ముందు నిలబడ్డ బావ. సూది చూడాల్సింది వెనక మోకాళ్ల మీద కూర్చున్న నేను. మధ్యలో అక్క.

"అక్కా, తిప్పమను."

"తిప్పమంటున్నాడండీ."

"ఎంత తిప్పాలో అడుగు."

"ఎంతరా?"

"పావు. ఆపమను, ఆపమను!"

లోపలి గుండ్రం సరిపోయింది. తర్వాత హౌసింగ్ వెనక మొహం చూశాం. మూడు చోట్ల బాగుంది. ఎడమ పక్క కింది మూలకి వచ్చేసరికి సూది సగం చుట్టు దాటి ఎగిరింది. బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాను. మళ్లీ అక్కడే ఎగిరింది. స్పానర్ కింద పెట్టేశాను. ఇంజను మొహమే వంగిపోయి ఉంటే ఇక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు.

"రొయ్య పైకి తేలుతోందండోయ్!" అని గట్టు మీద నుంచి చెరువు మనుషుల కేక.

అక్క నీళ్లలో వేసే ఆక్సిజన్ బిళ్లల డబ్బా ఎత్తుకుని పరిగెత్తింది. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. మధ్యలో మాట అందించడానికి అక్క లేదు.

"తిప్పండి బావగారూ" అన్నాను చివరికి.

తిప్పాడు. "ఎలా ఉందండీ?"

"అక్కడే ఎత్తుగా ఉందండీ. మళ్లీ ఊడదియ్యాలి."

కడ్డీ నేలకేసి కొట్టాడు. "ఊడదీసేదేంటిరా! అలాగే బిగించి పడెయ్. ఈ ఒక్క పూటా తిరిగితే చాలు!"

"ఒక్క పూట ఏంటి? రాత్రంతా లోడు మీద తిరగాలి. నడి రాత్రి ఆగిపోతే తెల్లారేసరికి ఒక్క రొయ్య మిగల్దు. ఆ సుత్తిగాడు చేసినట్టు నన్నూ చెయ్యమంటావా? అలాగైతే వాణ్ణే పిలుచుకో!"

గౌరవాలన్నీ ఒక్క దెబ్బకి ఊడిపోయాయి. నిజానికి బావ అన్నట్టే ఎలాగోలా తిరిగేదేమో, నాకు మాత్రం ఏం తెలుసు? కానీ తేడా కళ్లారా చూసి బిగించడం నా వల్ల కాదు. బావ నన్ను కొట్టేలా చూశాడు. తర్వాత స్పానర్ తీసుకుని ఎడమ పక్క కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

హౌసింగ్ జానెడు వెనక్కి జరిగింది. బావే ముందు ఆ సందులోకి తొంగి చూశాడు. చూసి బిగుసుకుపోయాడు. చటుక్కున చెయ్యి లోపల పెట్టి బొటనవేలితో ఏదో గీకేసి, గుడ్డతో గట్టిగా తుడిచేశాడు.

"ఏంటది?" అన్నాను.

"ఏం లేదురా, మట్టి. పొద్దున్న నేనే సరిగ్గా తుడిచి చావలేదు. తప్పు నాదే."

మా బావ నోట నేను ఆ మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. స్కూటర్ తీసుకెళ్లి గోడకి గుద్దినా, గోడ అక్కడెందుకు కట్టారని తగాదా పడే మనిషి. అనుమానంతో అతని చేతికేసి చూశాను. బొటనవేలు గోరు దాకా పచ్చగా ఉంది, అంచున ఎర్రగా ఉంది. గోరుకి నలిగిన బియ్యపు గింజ అంటుకుని ఉంది. అక్షింతలు.

నున్నగా మెరుస్తున్న ఇంజను మొహం చూసి అక్క ఆ సందులోంచి చెయ్యి పెట్టి బొట్టు పెట్టింది. ఆ బొట్టు మీద మేం హౌసింగ్ బిగించాం. నా కోపం గొంతు దాకా వచ్చింది. పూజలకి ఇదా చోటు అని అరవడానికి నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే అక్క నిలువునా తడిసి వగరుస్తూ గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందిరా? ఎందుకు మళ్లీ ఊడదీశారు?" అంది. బావ ఆ వేలిని లుంగీ మడతలో దాచుకున్నాడు. చెరువు పోతే అది తన చేతులారానే పోయిందని అక్క బతికినంత కాలం కుమిలిపోతుంది. ఆ సంగతి నాకంటే ముందు, ఒక్క క్షణంలో, అతనికి తట్టింది.

"ఏం లేదక్కా, కాస్త మట్టి అడ్డుపడింది" అన్నాను.

ఈసారి గేజ్ పెట్టి తిప్పితే సూది కదిలీ కదలనట్టు కదిలింది. "బాగుంది బావా" అన్నాను. అతను కడ్డీ పట్టుకుని అలాగే కళ్లు మూసుకున్నాడు. ఫ్లైవీల్ ఎక్కించి, ఆల్టర్నేటర్ ముందుకి జరిపి బిగించేసరికి పొద్దు వాలిపోయింది. అప్పటిదాకా అక్కా చెరువు మనుషులూ చిన్న డీజిల్ పంపుసెట్టుతో నీళ్లు చిమ్ముతూ, బిళ్లలు జల్లుతూ రొయ్యని నిలబెట్టారు. గట్టు వారన కొంత చచ్చి తేలింది. మిగతాది బతికింది. జనరేటర్ అందుకుని ఏరేటర్లు నురగ లేపుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి, సిగ్గుపడకుండా తుడుచుకున్నాను.

అక్క ఇంజనుకి దణ్ణం పెట్టింది. "పొద్దున్న నేను లోపల బొట్టు పెట్టి అక్షింతలు వేశాను. ఆ చలవే ఇదంతా. మీరు నమ్మరు గానీ" అంది.

"నమ్మకేం? ఏరా, నమ్మవూ?" అన్నాడు బావ.

"నమ్మాను బావా" అన్నాను.

ఇప్పటికీ ఆ ఇంజను వెనక భాగం విప్పినప్పుడల్లా, మళ్లీ బిగించేదాకా బావ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తిండికి పిలిచినా కదలడు. అదేం కాపలా అని అక్క కసిరితే, "నీ తమ్ముడి పని మీద నాకు నమ్మకం లేదే" అంటాడు. పాపం మా తమ్ముడు ఎంత బాగా చేస్తాడని అక్క నా తరఫున దెబ్బలాడుతుంది. నేను తల వంచుకుని గాస్కెట్ గీకుతూ కూర్చుంటాను.