వైరు మూతికి పసుపు

మదనపల్లె టమోటా మార్కెట్టు వెనక సందులో ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు ఓబులప్ప. భార్య పోయింది, పిల్లలు లేరు. చెడిపోయిన కంప్యూటర్లను బాగుచేయడం ఆయన పని. రెండువేల సంవత్సరం దాటాక పుంగనూరు, కుప్పం దాకా జెరాక్సు అంగళ్లలోకి కంప్యూటర్లు వచ్చేశాయి. కొత్త ప్రింటరో స్కానరో తగిలిస్తే ఒక్కోసారి తెరమీద పసుపుపచ్చ గుర్తు, దాని పక్కన ఒక నంబరు పడేవి. ఇరవై ఎనిమిదంటే దానితో వచ్చిన సీడీ ఎక్కించలేదని. పది అంటే వస్తువు కనబడింది గానీ మొదలుకాలేదని. ఆ నంబర్లన్నీ ఓబులప్పకు చుట్టాల పేర్లలాగా నోటికి వచ్చు. అసలు చుట్టాలు అంతమంది లేరు.

ఏ అంగడికి పోయినా నంబరు గురించే మాట్లాడేవారు. అది పోగానే ఆయన్ను మరిచిపోయేవారు.

పుంగనూరు రామలక్ష్మమ్మ అట్లా కాదు. భర్త పోయాక పెళ్లిపత్రికల అంగడిని ఆమే నడిపేది. కొత్త స్కానరు పది చూపిస్తోందని ఆమె మొదటిసారి పిలిచినప్పుడు ఓబులప్ప బస్సెక్కాడు. ఆ బస్సు ఎంత నిదానమంటే, మదనపల్లెలో టాపుమీద వేసిన పచ్చి టమోటాలు పుంగనూరులో దించేసరికి ఎర్రగా పండేవి.

సీడీ మళ్లీ ఎక్కించాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. పది కదల్లేదు. చివరికి వైరు పీకి చూస్తే, దాని మూతి నిండా ఎండిన పసుపు, మధ్యలో కుంకుమ.

"పూజ చేసినావా అక్కా?"

"చేయకుండా ఎట్లప్పా? లారీకైతే చక్రానికి పెడతాం. దీనికి చక్రం యాడుండాది? లోపలికి పొయ్యేది ఆ మొనే కదా. ఇంట్లో అడుగుపెట్టే కోడలికి బొట్టు వద్దా?"

అసలు సంగతి చెప్పబోయాడు. అంతలో ఆమె సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చి ముందర పెట్టింది. "ముందు తిను. అది యాడికీ పోదు."

భార్య పోయాక ఆయనకు అడక్కుండా అన్నం పెట్టినవాళ్లు లేరు. తిన్నాడు. ఆమె గిన్నెలు లోపలికి తీసుకుపోయినప్పుడు వైరు మూతిని శుభ్రంగా తుడిచి తగిలించాడు. స్కానరు వెలిగింది.

"ఏం చేసినావప్పా?"

"బెంగళూరు సెట్టింగక్కా. చెప్తే తలనొప్పి వస్తాది."

ఆ తర్వాత ప్రింటరు, కెమెరా, ఏది కొన్నా అదే వరస. బొట్టు, పది, ఫోను, సంగటి. అసలు సంగతి చెప్పేస్తే తనను పిలవాల్సిన పని ఉండదని ఓబులప్పకు తెలుసు. అందుకే ఎప్పుడూ చెప్పలేదు.

కొన్నాళ్లకు రామలక్ష్మమ్మ అంగడిని కుప్పం రైల్వేస్టేషను దగ్గరికి మార్చింది. పూటంతా బస్సులో కూర్చోవాల్సిన దూరం. అయినా పోయేవాడు.

ఒక పొద్దున ఆమె గొంతు ఫోనులో తొందరగా వినిపించింది. "యాడుండావప్పా? కొత్త ప్రింటరు పది అంటాండాది. మా పక్కంగడి మునిరాజ కూతురు శ్రుతి ఈడే నిలబడుండాది. బెంగళూరులో ఉద్యోగం ఇంటర్వ్యూ. కాగితాలు తీసుకోని ఇప్పుడొచ్చే రైలెక్కాల."

ఓబులప్ప మదనపల్లెలో ఉన్నాడు. ఎంత పరుగెత్తినా ఆ రైలు టైముకు కుప్పం చేరలేడు. ఒక్కమాట చెబితే చాలు. అది చెబితే సంగటి ఉండదు. ఫోనులో ఆ పిల్ల ఏడుపు గొంతు వినపడుతోంది.

"అక్కా, వైరు పీకు. మూతికి పెట్టిన పసుపు పొడిగుడ్డతో తుడిసి మళ్లా పెట్టు."

కాసేపటికి ప్రింటరు కాగితం లాక్కున్న చప్పుడు వినిపించింది.

"అన్నిసార్లూ ఇదేనాప్పా?"

"ఇదే అక్కా."

ఆమె ఫోను పెట్టేసింది.

ఆయుధపూజ వచ్చింది, పోయింది. ఆమె ఇంకో ప్రింటరు కొన్నదని కుప్పం నుంచి వచ్చినవాళ్లెవరో చెప్పారు. ఓబులప్ప ఫోను మోగితే వేరే అంగళ్లవాళ్లే, వేరే నంబర్లే.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. ఓబులప్ప అలవాటుగా అడిగాడు. "నంబరెంతక్కా?"

"నంబరేం లేదు. ఈసారి బొట్టు ప్రింటరు పైన పెట్టినా, వైరు మూతికి కాదు. బాగానే లేసింది."

"మరి ఫోను యాల చేసినావు?"

"తిన్నావా అని."

ఓబులప్ప పొయ్యి వైపు చూశాడు. ఆ రోజు దాన్ని వెలిగించనే లేదు.

"తిన్నానక్కా."

"అదీ బెంగళూరు సెట్టింగేనా?"

ఫోనుకు అవతల కుప్పం స్టేషనులోకి రైలు వచ్చింది. ఆ చప్పుడులో ఆమె ఇంకేదో అంది, వినపడలేదు. ఫోను కట్టయ్యాక కూడా ఓబులప్ప దాన్ని చెవికే పెట్టుకుని కూర్చున్నాడు.