చెకప్ రోజు మాత్ర

మావారి గుండెకు రెండు స్టెంట్లు వేసి ఏడాదిన్నర దాటింది. ఆయన ఉయ్యూరులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. లోకంలో ఎవరైనా తప్పు చేస్తారు గానీ ఆయన చెయ్యరు. ఆ ఒక్క గుణంతో నా ప్రాణం తోడేస్తుంటారు.

మూడు నెలలకోసారి బస్సెక్కి విజయవాడ వెళ్లి గుండె డాక్టరు గారికి చూపించుకోవాలి. ఇంట్లో చూస్తే బీపీ బుద్ధిగానే ఉండేది. తీరా అక్కడికెళ్లి చేతికి పట్టీ చుట్టగానే ఆకాశానికెక్కేది. డాక్టరు గారు బీపీ మాత్ర డోసు పెంచేవారు. ఇంట్లో ఇంత ఉండదండీ అని నేను చెప్పబోతే, "మా మెషిన్ డొక్కుదిలెండి" అని ఈయనే నా నోరు నొక్కేసేవారు. మళ్లీ వెళ్తే మళ్లీ అదే వరస.

ఇంటికొచ్చాక, లేచినప్పుడల్లా కళ్లు తిరుగుతున్నాయనేవారు. పైత్యమని ఆయన తమ్ముడు తేల్చేశాడు. మజ్జిగలో ఇంత ఉప్పేసి తాగించమంది పక్కింటావిడ. ఈయన చేత ఉప్పు మాన్పించడానికి నేను పడ్డ పాట్లు ఆవిడకేం తెలుసు!

మొన్న వేసవిలో ఓ ఉదయం పేపరు మడిచి కుర్చీలోంచి లేస్తూ అక్కడే కూలబడిపోయారు. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకలేదు. ఎదురింటికి వినపడేలా కేకలు పెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచి, "ఏంటా కేకలు?" అని నన్నే కసిరారు. ఎదురింటాయన తన కారులో విజయవాడ తీసుకెళ్లారు. బీపీ బాగా పడిపోయిందన్నారు అక్కడ.

డాక్టరు గారికి అంతుపట్టలేదు. "చెకప్‌కి వచ్చినప్పుడల్లా ఎక్కువే ఉంటోంది కదండీ. ఆ రోజు పొద్దున మాత్ర వేసుకునే వస్తున్నారా?"

"ఎందుకు వేసుకుంటానండీ?" అన్నారు ఈయన గర్వంగా. "మాత్ర వేసుకుని చూపించుకోవడమంటే కాపీ కొట్టి పరీక్ష రాయడమే. మీకు నిజం తెలియొద్దూ?"

చేతికందితే ఏదో ఒకటి విసిరేసేదాన్నే.

"మాస్టారూ, మాత్ర ఎలా పనిచేస్తోందో చూడ్డానికేనండీ నేను రమ్మనేది," అన్నారు డాక్టరు గారు తల పట్టుకుని. "మీరది మానేసి వస్తుంటే, చాలట్లేదనుకుని నేను పెంచుకుంటూ పోయాను. మీ గుండెకి బీపీ పెరిగినా ప్రమాదమే, మరీ పడిపోయినా ప్రమాదమే."

ఆ రోజుకి ఆసుపత్రిలోనే ఉంచుకుని, డోసు తగ్గించి మర్నాడు పంపించారు. ఎదురింటాయనే మళ్లీ కారు తీసుకొచ్చారు. కారు కంకిపాడు దాటేదాకా ఈయన డాక్టరు గారి చీటీనే తిప్పి తిప్పి చదువుకున్నారు. తప్పు తెలిసొచ్చిందేమోనని ఆశపడ్డాను.

"అయితే నా అసలు బీపీ ఎంతో ఇక ఎప్పటికీ తెలియదన్నమాట," అన్నారు.

ఎదురింటాయన ముందర గొడవెందుకని ఊరుకుందామనుకున్నాను. నా వల్ల కాలేదు.

"మీ అసలు బీపీ ఎవడిక్కావాలండీ!" అన్నాను. "నిన్న పొద్దున భుజం పట్టుకుని కుదుపుతుంటే పలకలేదు మీరు. పోయారనే అనుకున్నాను."