మేఘాల్లో లేచి నిలబడిన అమ్మ

విమానం గట్టిగా కుదిపితే మేము లేవకూడదు. మేమే పడిపోతే ఆ తర్వాత ప్రయాణికులను చూసేవాళ్లుండరు. శిక్షణలో ఈ ముక్క విన్నప్పుడు భలే తేలికగా అనిపించింది. సొంత తల్లి ఎదురుగా కూర్చున్న రోజున గానీ దాని సంగతి తెలియలేదు.

మాది సిరుగుప్ప, తెలుగూ కన్నడమూ కలిసిపోయే సరిహద్దు ఊరు. అమ్మ అక్కడి పాత మిషన్ సంఘంలో స్త్రీల ప్రార్థన కూటం నడుపుతుంది. నోరున్న మనిషి. నేను ఎయిర్‌హోస్టెస్‌గా చేరినప్పటి నుంచీ ఒకటే పోరు. "ఆకాశంలో ఏం పని మే నీకు? బస్సు చెడిపోతే దిగి నిల్చుకోవచ్చు. అది చెడిపోతే యాడ దిగేది?" నా పని కళ్లారా చూస్తేనైనా భయం తగ్గుతుందని, అమ్మ ముంబయిలో ఉన్న పిన్నిని చూడబోయేటప్పుడు నేను డ్యూటీ చేసే విమానానికే టికెట్ తీశాను. బుద్ధి గడ్డి తిని వానాకాలంలో తీశాను.

బెంగళూరులో ఎక్కించి, ముందు వరసల్లో నడవ పక్క సీటులో కూర్చోబెట్టి, బెల్టు నేనే బిగించాను. "సుమ్నె కూకోమ్మా, కదలాకు. నేను చెప్పేదాకా ఇది ఇప్పాకు" అన్నాను.

"పసిబిడ్డకు చెప్పినట్ల చెప్తావేమే" అని విసుక్కుని, పక్కాయన వైపు తిరిగి "నా కూతురే" అని చెప్పుకుంది. నేను లోపల పొంగిపోయాను, కాదనను.

టీలు ఇస్తుండగా కుదుపు మొదలైంది. సిబ్బంది వెంటనే కూర్చోవాలని కెప్టెన్ చెప్పాడు. ట్రాలీని లాక్కెళ్లి దాని గూట్లోకి తోసి, తలుపు పక్కనుండే మా మడత సీట్లలో పడి పట్టీలు బిగించుకున్నాం. ఆ సీట్లు ప్రయాణికుల వైపు తిరిగి ఉంటాయి. వాళ్ల ముఖాలు మాకు, మా ముఖాలు వాళ్లకు కనిపిస్తాయి కాబట్టి లోపల ఏమున్నా నవ్వుతూ ఉండాలి. నా పక్కన మా సీనియర్ కూర్చుంది. ఒకసారి ఇలాంటి కుదుపులోనే ట్రాలీ సర్దుతూ ఉండిపోయి, ఎగిరి పైకప్పుకు కొట్టుకుని కింద పడింది. ఆ భుజం ఈనాటికీ పూర్తిగా పైకి లేవదు.

విమానం ఒక్కసారిగా కిందికి జారింది. పిల్లలు కేకలు పెట్టారు. అమ్మ ఏం చేసిందో తెలుసా? బెల్టు విప్పి లేచి నిలబడింది. కొంగు తల మీద కప్పుకుని, కళ్లు మూసుకుని, ప్రార్థన ఎత్తుకుంది!

మా సంఘంలో అంతే. ప్రార్థన చేసేవాళ్లు లేచి నిలబడాలి. ఎత్తుకున్నాక ఆమెన్ అనేదాకా కళ్లు తెరవరు, కూర్చోరు.

"అమ్మా, కూకో! కూకోమ్మా!" అని అరిచాను. ఆ మోతలో వినపడలేదు. వినపడినా ప్రార్థనలో ఉన్న మా అమ్మను కదిలించడం ఎవరి తరమూ కాదు. పక్కాయన కొంగు లాగితే విదిలించుకుంది. విమానం మళ్లీ ఊగింది. ముందు సీటు పట్టుకుని తూలింది. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి, ఇంకొక్క కుదుపు వస్తే ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు ప్రాణం పోయింది. నా చేయి నాకు తెలియకుండానే పట్టీ మీదికి వెళ్లింది. సీనియర్ ఆ చేతిని గట్టిగా పట్టుకుని, "వెళ్లకు, ఇద్దరూ పడతారు" అంది హిందీలో. ఆమె మీద పట్టలేని కోపం వచ్చింది. నిజం చెప్పింది కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు తట్టింది. పెద్దామెలు ప్రార్థన పొడుగు లాగితే మా పాస్టరయ్య మధ్యలోనే గట్టిగా "ఆమెన్" అంటారు. ఇక చాలు తల్లీ, కూర్చో అని అర్థం. ఎంతటివాళ్లైనా కూర్చోవలసిందే.

ప్రకటనలు చేసే ఫోను అందుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఆమెన్!"

విమానమంతా మోగింది. వెనకెవరో ఇక తమ పని అయిపోయిందనుకుని భోరుమన్నారు. అమ్మ మాత్రం ఠక్కున "ఆమెన్" అని కూలబడింది. "బెల్టు!" అన్నాను. పక్కాయనే పెట్టేశాడు. ఆ వెంటనే వచ్చిన కుదుపుకు పైనున్న సామాన్ల అర తెరుచుకుని, ఎవరిదో బరువైన సంచి సరిగ్గా ఆమె నిలబడిన చోటే పడింది. నా ముఖం మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది.

ముంబయిలో అందరూ దిగాక అమ్మ దగ్గరికి పరుగెత్తి మండిపడ్డాను. "సచ్చిపోతావనుకుంటి! చెప్పింటినా లేదా ఇప్పాకని? కూకోని అడిగితే ఇనడా దేవుడు?"

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా ఉంది.

"డ్రైవర్ల కోసం అడిగితిని, పసిబిడ్డల కోసం అడిగితిని, ముసలోళ్ల కోసం అడిగితిని. సొంత బిడ్డను కడాకు పెట్టుకోవల్ల గదా. నీ కాడికి వస్తాంటి మే, అంతలో నువ్వే ఆమెన్ అంటివి."

తలుపు దగ్గర నుంచి సీనియర్ పిలిచింది. అదే విమానంలో వెనక్కి వెళ్లాలి నేను. అమ్మ నా చేయి వదలడం లేదు.

"నీ కోసం ఇంకా అడగనే లేదు," అంది. "ఎట్ల పోతావు?"